దెబ్బ తిన్నవాడికి ఊళ్ళో తోడెవరు?



లూకా సువార్త పదవ అధ్యాయంలోని మంచి సమరీయుని ఉపమానం మనందరికీ తెలిసినదే. విచారణ పండుగలకు మన పిల్లలు దానిని నాటకంగా ఎన్నిసార్లు వేసి ఉంటారో లెక్కలేదు. దొంగల వేషానికి పోటీ పడతారు. యాజకుని వేషానికి మాత్రం ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసి వస్తుంది. ఈ వారం పాఠానికి ఆ నాటకాలలో మనం సాధారణంగా వదిలివేసే చివరి ఘట్టాన్ని తీసుకుంటున్నాను. సమరీయుడు గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, తన దారిన తాను పోలేదు. ఆ రాత్రి అక్కడే ఉండి అతనిని చూసుకున్నాడు. మరునాడు రెండు దీనారాలు సత్రం యజమాని చేతిలో పెట్టాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. అంటే మళ్ళీ వస్తానని మాట ఇచ్చాడన్నమాట.

ఇంకొక సంగతి కూడా గమనించండి. ఆ గాయపడినవాడు బాటసారి. కోలుకున్న తరువాత తన ఊరికి పోతాడు. తనను కొట్టిన దొంగల ముఖం మళ్ళీ చూడనక్కరలేదు. మన పల్లెలలో కులం పేరిటనో మతం పేరిటనో దెబ్బ తిన్నవానికి ఆ వీలు లేదు. కొట్టినవాని పొలానికే కూలికి పోవాలి. కొట్టినవాని బావమరిది కొట్టులోనే ఉప్పూ పప్పూ కొనాలి. రాత్రివేళ బిడ్డకు జ్వరం వస్తే ఆ ఇంటివారి ఆటోనే పిలవాలి. పోలీసు స్టేషను పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చూసినవారు ఉంటారు, చెప్పేవారు ఉండరు. ఇటువంటి మారుమూల గ్రామాలలో బాధితునికి విచారణ కుటుంబాలుగా మనం ఏ విధంగా తోడుండగలమన్నదే ఈ వారం పాఠం.

ముందు మాట అర్థం తెలుసుకుందాం. ద్వేష నేరం అనే పేరుతో మన దేశంలో ప్రత్యేకమైన చట్టమేదీ లేదు. కాని నేరం మాత్రం మనకు క్రొత్త కాదు. గట్టు తగాదాలో ఇద్దరు కొట్టుకుంటే అది ఇద్దరి తగాదా. 'మీ కులంవాడు ఈ వీధిలో చెప్పులేసుకొని నడుస్తాడా' అని కొడితే, దెబ్బ ఒక్కని వీపు మీద పడినా మాట పల్లెలో ఇంటింటికీ వెళుతుంది. ఆ రాత్రి దెబ్బ తగలని ఇళ్ళలో కూడా ఎవరూ నిద్రపోరు. కనుక బాధితుడు ఒక్కడు కాడు. 1989లో వచ్చిన షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టానికి మూలం ఈ గుర్తింపే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడ, ఐదుగురు లేదా అంతకు మించినవారు కలిసి కులం, వ్యక్తిగత విశ్వాసం, భాష, పుట్టిన ప్రదేశం వంటి కారణాలతో ఒకరిని చంపితే ప్రత్యేకమైన నిబంధన ఉన్నది.

మన ప్రాంతంలో రెండు ఊళ్ళ పేర్లు పెద్దలకు జ్ఞాపకమే, పిల్లలకు చెప్పండి. 1985 జూలై 17న, అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో, మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ మాదిగపల్లె మీద దాడిగా మారి ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. బ్రతికినవారు చీరాలకు పారిపోయి ఒక చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అక్కడ మొదలు సినిమాహాలులో. ఒక యువకుని కాలు ముందు సీటులోని వానికి తగిలింది. ఆ మీదట వారాల తరబడి పల్లెను వెలివేశారు. ఆ తరువాతనే హత్యలు. వెలివేయడం చిన్న విషయమని, దెబ్బ పడినప్పుడు చూద్దామని అనుకునేవారు ఈ క్రమాన్ని మరచిపోకూడదు.

ఇక వ్యాజ్యాల సంగతి. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది, ఇరవై మూడేళ్ళకు. చుండూరులో బాధితుల పట్టుదల వల్ల ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్ళోనే నడిపారు. 2007 జూలై 31న ఇరవై ఒక్కమందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. తీర్పుల మంచిచెడులు చర్చించడం ఈ పాఠం పని కాదు. సాక్షి చెప్పిన ఆ కూలి మనిషిని గురించి ఆలోచించండి. దెబ్బ ఒక్క పూటది. ఆ తరువాత పదహారేళ్ళు అదే ఊళ్ళో అదే మాట మీద నిలబడి ఉండాలి.

దాడి జరిగిన మొదటి వారం ఊరు కార్లతో నిండిపోతుంది. నాయకులు వస్తారు, నిజనిర్ధారణ సంఘాలు వస్తాయి, ఫోటోలవారు వస్తారు. బియ్యం బస్తాలు దిగుతాయి. వారిని తప్పుపట్టడం లేదు. వారు రాకపోతే అనేక కేసులు నమోదే కావు. పదవ రోజుకు అందరూ వెళ్ళిపోతారు. పదకొండవ రోజున కొట్టువాడు అప్పు ఇవ్వనంటాడు. పాలు పోయించుకోవడం మానేస్తారు. ట్రాక్టరు రాదు. అప్పుడు కదా తోడు కావలసింది!

ఇతరులకు పాఠం చెప్పేముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఊరు పేరు చెప్పను. ఆ కుటుంబం సరేనన్నంతవరకే వ్రాస్తున్నాను. సుమారు పదిహేనేళ్ళ క్రిందట నేను పనిచేసిన ఒక విచారణలో, గురునివాసానికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరాన ఒక ఉపవిచారణ గ్రామం ఉండేది. రోజుకు రెండుసార్లు బస్సు. అక్కడి పల్లెలో ఇంటరు చదివిన ఒక కుర్రవాడు తన చెల్లెలి పెళ్ళి ఊరేగింపును ఊరి పెద్దవీధి గుండా తీసుకువచ్చాడు. రచ్చబండ దగ్గర ఆపి కొట్టారు. కుడిచేయి రెండుచోట్ల విరిగింది. డప్పులు చించివేశారు. పెళ్ళికూతురు ట్రాక్టరు మీద కూర్చునే ఉన్నది.

మరునాడు సాయంత్రం నలుగురు పెద్దమనుషులు నా దగ్గరకు వచ్చారు. వారిలో ఇద్దరు మనవారే. ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొనేవారు, గుడి గంటగోపురానికి పెద్ద చందా వ్రాసినవారు. అవును, కొట్టిన చేతిలోనూ జపమాల ఉండే ఊళ్ళు మన మేత్రాసనాలలో ఉన్నవి. 'పిల్లలు తొందరపడ్డారు ఫాదరుగారూ, కేసైతే ఊరు రెండవుతుంది, మీరొక మాట చెబితే పల్లెవాళ్ళు వింటారు' అన్నారు. నేను చెప్పాను. మత్తయి సువార్త పద్దెనిమిదవ అధ్యాయం తీసి, డెబ్బది ఏడుమార్లు క్షమించడం గురించి ఆ తల్లికి చదివి వినిపించాను. వైద్యానికని ఇరవై వేలు ఇప్పించాను. రాజీ కాగితం గుడి వసారాలోనే వ్రాయించాను. ఆమె వేలిముద్ర వేసింది. ఊరిని నిలబెట్టానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రెండు నెలలలో కుర్రవాడు హైదరాబాదు వెళ్ళి వాచ్‌మన్ పనిలో చేరాడు. తల్లి గుడికి రావడం మానలేదు. కాని ఒకరికొకరు సమాధానం తెలుపుకోండి అని నేను అన్నప్పుడు ఆమె చేతులు కట్టుకొని నేల చూసేది. ఒకసారి గుడి బయట అడిగాను, ఏమమ్మా అని. 'మీరు క్షమించమన్నారు, క్షమించాను ఫాదరుగారూ. తప్పయిందని వాళ్ళలో ఒక్కరైనా అన్నారా? రేపు మీకు బదిలీ వస్తే మీరు వెళ్ళిపోతారు. మేమిక్కడే ఉండాలి గదా' అన్నది.

గురువిద్యాలయంలో మూడేళ్ళు తత్వశాస్త్రం చదివినవాడిని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఎన్నోసార్లు ఆలోచించాను. పునీత తోమాసు అక్వినాసుగారు న్యాయాన్ని నిర్వచిస్తూ, ఎవరికి చెందవలసినది వారికి చెందజేయాలన్న స్థిరమైన, ఎడతెగని సంకల్పమని చెబుతారు. విద్యార్థులుగా మేము 'చెందవలసినది' అన్న మాట మీదనే వాదించుకునేవాళ్ళం. 'ఎడతెగని' అన్న మాట దగ్గర ఎవరమూ ఆగలేదు. ఒక పూట ఇచ్చి మరుపూట మరచిపోయేది జాలి కావచ్చు, న్యాయం కాదు.

ఇక క్షమ. క్షమించమని ప్రభువు ఆజ్ఞాపించాడు. అందులో సందేహం లేదు. కాని క్షమ వేరు, రాజీ వేరు. క్షమ గాయపడినవాని హృదయం నుండి, దేవుని కృప వలన, తగిన కాలంలో వస్తుంది. దానికి ఇంకొకరు తేదీ పెట్టలేరు, వేలిముద్ర తీసుకోలేరు. రాజీ మాత్రం ఊరి బలాబలాలను బట్టి కుదురుతుంది. పాపసంకీర్తనంలో పాపికి మనం ఏమి బోధిస్తున్నాం? పశ్చాత్తాపపడాలి, ఒప్పుకోవాలి, పొరుగువానికి చేసిన నష్టాన్ని తన శక్తి కొలది పూడ్చాలి. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 1459వ సంఖ్యలో ఇది స్పష్టంగా ఉన్నది. జక్కయ్య కూడ ప్రభువు తన ఇంటికి వచ్చినందుకు సంతోషించి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. నేను ఆ రోజు చేసిందేమిటి? నష్టపరచినవానికి చెప్పవలసిన పాఠాన్ని నష్టపోయినవానికి చెప్పాను. కేసు పెట్టడం పగ తీర్చుకోవడం కాదు. ఒక తల్లి మనసులో క్షమించి కూడ కోర్టులో నిజం చెప్పవచ్చు. రెండింటికీ విరోధం లేదు.

నాలుగేళ్ళ క్రిందట ఆ ఊరు వెళ్ళి ఆమెను క్షమించమని అడిగాను. మంచినీళ్ళిచ్చింది. 'చూద్దాం ఫాదరుగారూ' అన్నది. ఆ జవాబు నాకు న్యాయంగానే తోచింది.

సరే, చేయవలసినదేమిటి? మొదటి రెండు రోజులలో జరిగే పొరపాట్లు తరువాత దిద్దుకోవడం కష్టం కనుక కొంచెం వివరంగా చెబుతాను. గాయపడినవానిని ఆర్.ఎం.పి. డాక్టరు దగ్గర కట్టు కట్టించి ఇంటికి తీసుకురావద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయి, ఇది కొట్టిన దెబ్బ అని డాక్టరుగారికి చెప్పి, మెడికో లీగల్ కేసుగా వ్రాయించాలి. రక్తం అంటిన బట్టలు ఉతకకుండా కాగితంలో చుట్టి దాచాలి. ఏ మాట అన్నారో, ఎంత అసహ్యంగా ఉన్నా, ఆ మాటనే వ్రాసుకోవాలి. 'కులం పేరుతో దూషించారు' అంటే చాలదు. ఎక్కడ అన్నారు, ఎవరెవరు విన్నారు అన్నది కూడ ముఖ్యం. అత్యాచారాల చట్టం క్రింద కులదూషణ నలుగురి ఎదుట జరిగినట్లు తేలాలి.

ఫిర్యాదు ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. మా పరిధి కాదు అనడానికి వీలులేదు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు రిజిస్టరు పోస్టులో పంపాలి; అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళవచ్చు. అత్యాచారాల చట్టం క్రింద నమోదైతే డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. వ్రాయడానికి ముందు ప్రాథమిక విచారణ అక్కరలేదని 2018 సవరణ చెబుతున్నది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడ 2015 సవరణ ప్రకారం ఆ చట్టం క్రింద నేరమే. బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చు, బత్తెం ఇవ్వాలని 1995 నాటి నియమాలు ఉన్నవి. అడగనివారికి ఎవరూ ఇవ్వరు. అడిగేటప్పుడు ప్రక్కన ఒక చదువుకున్న మనిషి ఉంటే మాట తీరు మారుతుంది. ఈ చట్టం గురించిన సహాయానికి 14566, ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబర్లు గుడి నోటీసుబోర్డు మీద వ్రాసి పెట్టండి. సాక్షిని బెదిరిస్తున్నారనుకుంటే, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం క్రింద జిల్లా స్థాయిలో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక్కడ మన దళిత కతోలికుల కష్టం ఒకటి ఉన్నది. దాచి లాభం లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కుల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారి క్రైస్తవుడైనవాడు అత్యాచారాల చట్టం రక్షణ కోరలేడని 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. కొట్టేవాడు జ్ఞానస్నాన పత్రం చూసి కొట్టడు. కులాన్ని చూసే కొడతాడు. చట్టం మాత్రం పత్రం చూస్తుంది. ఇది అన్యాయమన్నదే నా అభిప్రాయం. అయినా ఒక మాట: భయపడి, ఎవరో సలహా ఇచ్చారని, మతం గురించి ప్రమాణపత్రంలో అబద్ధం వ్రాయవద్దు. విశ్వాసాన్ని దాచుకున్న బాధ అటుంచి, ఎదుటి వకీలు దానితోనే కేసు కొట్టివేయిస్తాడు. ముందుగా న్యాయవాదితో మాట్లాడండి. గిరిజనులకు ఈ చిక్కు లేదు. మతం మారినా వారి తెగ హోదా పోదు. అత్యాచారాల చట్టం వర్తించకపోయినా కొట్టడం, గాయపరచడం, బెదిరించడం, ప్రార్థనాస్థలాన్ని అపవిత్రం చేయడం అందరికీ వర్తించే నేరాలే. కుల దౌర్జన్యానికి గురైనవారికి ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉన్నది. ఒడిషాలోని కంధమాల్‌లో 2008 ఆగస్టులో మనవారు అడవులలోకి పారిపోయినప్పుడు, తిరిగి రావాలంటే మతం మార్చుకొని రమ్మన్న గ్రామాలున్నవి. అక్కడ కూడ కేసులు నడిచింది మామూలు చట్టం క్రిందనే. సాక్షులను కోర్టుకు చేర్చినవారు గురువులు, మఠకన్యలు, న్యాయవాదులు.

చట్టం తరువాత ఇల్లు. విచారణ పాలకసభ ఒక మనిషిని, ఒకే ఒక్క మనిషిని, ఆ కుటుంబానికి తోడుగా నియమించాలి. గురువును కాదు. గురువుకు బదిలీ ఉన్నది. ఆ మనిషి ఉపదేశి కావచ్చు, మరియదళం సోదరి కావచ్చు. ఆ కుటుంబం నమ్మే మనిషి కావాలి. ఆడవారి మీద జరిగిన దౌర్జన్యమైతే తప్పనిసరిగా స్త్రీ కావాలి. వాయిదా తేదీలు ఒక నోటుపుస్తకంలో వ్రాయడం, కూలి పోయిన రోజుకు కూలి చూడడం, వేరే ఊళ్ళో పని వెదకిపెట్టడం, పిల్లవాడు బడి మానకుండా చూడడం ఆ మనిషి పని. నిర్ణయాలు మాత్రం బాధితునివే. కేసు నడపాలా, ఊరు విడవాలా అన్నది మన ఆవేశాన్ని బట్టి తేలకూడదు. మనం సింహాసనం మీద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టినవాడు రేపు ఒంటరిగా ఇంటికి నడిచిపోవాలి.

అడగకుండా వారి పేరు ప్రసంగంలో చెప్పవద్దు. ఫోటోలు వాట్సాప్‌లో పంపవద్దు. ఈ విషయంలో మా గురువులమూ తక్కువవాళ్ళం కాము. నిద్రపట్టకపోవడం, ఉలిక్కిపడడం, మగవాడు తాగుడుకు దిగడం, పెద్దపిల్లవాడు పక్క తడపడం కనబడితే అది దెబ్బ తాలూకు జబ్బే గాని పిరికితనం కాదు. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడే మానసిక ఆరోగ్య సలహాదారులు దొరుకుతారు. జపమాల చెప్పండి, ఫోను కూడా చేయండి.

మరి, కొట్టినవాడు మన విచారణవాడే అయితే? అతని చందా తీసుకొని మౌనంగా ఉండడం నేను చేసిన పని. గురువు అతని ఇంటికి వెళ్ళాలి, ఒంటరిగా, ముందే వెళ్ళాలి. నీవు చేసింది పాపమని చెప్పాలి. పల్లెవారికి వేరుగా సమాధులు, వేరుగా వరుసలు ఉన్న గుడులు ఇంకా ఉన్నవి. దళిత అభ్యున్నతిపై భారత పీఠాధిపతుల సమాఖ్య 2016లో వెలువరించిన విధానపత్రం శ్రీసభలోని ఈ వివక్షను ఒప్పుకొని ఖండించింది. దానిని మన పాలకసభలలో ఎంతమంది చదివారు?

మా విచారణలో ఇప్పుడు ఒక కేసు నడుస్తున్నది. సాక్షి ఒక వితంతువు. జిల్లా కోర్టుకు చేరాలంటే ఉదయం ఆరున్నర బస్సు తప్పితే దారి లేదు. ఆ బస్సులోనే ముద్దాయిల వైపువారూ ఎక్కుతారు. ఇప్పటికి పదకొండు వాయిదాలు పడ్డవి. ప్రతిసారీ మరియదళం సోదరీమణులు ఇద్దరు ఆమెకు ఇరువైపులా కూర్చుని వెళుతున్నారు, సద్దిమూట కట్టుకొని. వచ్చే వాయిదా నాటికి వారిలో ఒకరి ఇంట్లో కాన్పు ఉన్నది. ఆ రోజుకు మరొకరు కావాలి. రాగలవారు ఆదివారం రెండవ పూజ తరువాత ఉపదేశిగారికి పేరు ఇవ్వండి.